ఖాళీగా ఉంచిన పదహారో నెంబరు

అమెరికాలో డెట్రాయిట్ అనగానే కార్ల ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. ఆ నగరం చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వంటి పట్టణాలలో మన తెలుగువారు పెద్ద సంఖ్యలో కాపురముంటున్నారు. మావాడు డెట్రాయిట్‌లో ఉన్నాడని చెప్పుకునే తల్లిదండ్రులు ఇక్కడ చాలా ఊళ్లలో కనిపిస్తారు. అక్కడ అడుగుపెట్టిన కొత్తలో ఎవరి కంటనైనా పడే గుర్తు ఒకటుంది. కారు చక్రానికి రెక్క మొలిచిన ఎర్రని బొమ్మ. కార్ల అద్దాల మీద, పిల్లల టోపీల మీద, హోటళ్ల గోడల మీద అదే. అది రెడ్ వింగ్స్ అనే ఐస్ హాకీ జట్టు ముద్ర. ఆ జట్టులో పదహారో నెంబరు చొక్కా తొడుక్కుని ఆడిన వ్లదిమీర్ కాన్‌స్టాంటినోవ్ అనే డిఫెన్స్ ఆటగాడు 1997 జూన్‌లో గాయపడ్డాడు. ఆ తరువాత ఆ చొక్కాను జట్టులో ఇంకెవరూ తొడగలేదు.

ఐస్ హాకీ మన హాకీ కాదు. రెండు వందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పు గల మంచు గచ్చు మీద, ఇనుప పాళీ బిగించిన బూట్లతో జారుతూ ఆడే ఆట. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల. దానిని పక్ అంటారు. ఒక్కొక్క పక్షాన గోలీ కాక అయిదుగురు. వారిలో ఇద్దరు డిఫెన్స్. చుట్టూరా చెక్కగోడ ఉంటుంది. పక్ ఎవరి దగ్గర ఉంటే వానిని భుజంతోనో తుంటితోనో గుద్ది గోడకేసి నొక్కవచ్చు. అది తప్పు కాదు, ఆటలో భాగం. పక్ లేనివాడిని గుద్దినా, మోచేయి వాడినా, కర్రతో కొట్టినా శిక్ష తప్పదు. తప్పు చిన్నదైతే రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు. ఆ రెండు నిమిషాలూ జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి.

మన కబడ్డీలో కూతకు వచ్చినవాని కాలు దొరకబుచ్చుకునే పట్టుగాడు ఎలాంటివాడో, అక్కడ ఈ గుద్దే డిఫెన్స్ ఆటగాడు అలాంటివాడు. గోల్ కొట్టిన వాని పేరు పత్రికలో వస్తుంది. పట్టుగాని విలువ మాత్రం మైదానం చుట్టూ నిలబడి చూసినవారికే తెలుస్తుంది.

గుద్దడంలో ఘనుడు

కాన్‌స్టాంటినోవ్ 1967 మార్చి 19న రష్యా ఉత్తరపు కొసన ఉన్న మూర్మన్‌స్క్ రేవు పట్టణంలో పుట్టాడు. మాస్కోలో సైన్యం వారి జట్టులో ఆడుతూ పేరు తెచ్చుకున్నాడు. 1989లో అమెరికా లీగు జట్లు కుర్రవాళ్లను ఎంచుకునేటప్పుడు డెట్రాయిట్ వారు అతనిని 221వ వానిగా, అంటే దాదాపు చివరన ఎంచుకున్నారు. ఎంచుకోవడం వేరు, తెచ్చుకోవడం వేరు. ఆనాటి సోవియట్ దేశంలో అతను సైనికాధికారి. చెప్పకుండా దేశం దాటితే పారిపోయిన సైనికుడవుతాడు. అందుకని అతనికి తీరని జబ్బు ఉన్నదని డాక్టర్లకు డబ్బిచ్చి దొంగ సర్టిఫికెట్లు పుట్టించి సైన్యం నుంచి విడిపించారని, ఈ వ్యవహారాలను దగ్గరగా చూసిన పత్రికా విలేఖరి కీత్ గేవ్ తరువాత పుస్తకంలో రాశారు. లేని జబ్బు పేరు చెప్పి 1991లో డెట్రాయిట్ చేరిన మనిషి అతను.

చూడడానికి భారీ మనిషి కాడు. అయిదడుగుల పదకొండు అంగుళాలు. ఆ ఆటలో అది మామూలు ఎత్తే. అయితే అతను గుద్దితే ఎదుటి జట్టువాడు లేచి కూర్చోవడానికి కొంతసేపు పట్టేది. తల వంచుకుని పక్ వంక చూస్తూ వచ్చేవానిని గచ్చు నడిమధ్యలో తుంటితో ఎత్తి పడేయడం అతని విద్య. గుద్దిన తరువాత కవ్వించడం, కర్ర కొసతో గిల్లడం, తనకేమీ తెలియనట్టు ముఖం పెట్టడం కూడా ఉండేవి. ఎదుటి ఊళ్లలో అతనంటే పళ్లు కొరికేవారు. సొంత ఊరిలో అతను కంచె దాటి మంచు మీదికి దిగితే చాలు, గ్యాలరీలు లేచి నిలబడేవి. డెట్రాయిట్ తరఫున ఆడిన 446 లీగు మ్యాచ్‌లలో అతను శిక్షగా బయట కూర్చున్న కాలం మొత్తం 838 నిమిషాలు.

అలాగని గుద్దడం ఒక్కటే తెలిసినవాడు కాదు. ఆ లీగులో ఒక లెక్క కడతారు. ఒక ఆటగాడు మంచు మీద ఉండగా, రెండు పక్షాలా ఆటగాళ్లు సరిసమానంగా ఉన్నప్పుడు, తన జట్టు గోల్ కొడితే అతనికి ఒకటి కలుపుతారు, ఎదుటి జట్టు కొడితే ఒకటి తీసేస్తారు. 1995-96 సీజనులో కాన్‌స్టాంటినోవ్ లెక్క అరవై మిగులుగా తేలింది. లీగు మొత్తం మీద అదే మొదటి స్థానం. ఆ సీజనులోనే కోచ్ స్కాటీ బౌమన్ అయిదుగురు రష్యన్లను ఒక్క దళంగా దింపాడు. ఫెడరోవ్, లారియోనోవ్, కొజ్లోవ్, ఫెటిసోవ్, కాన్‌స్టాంటినోవ్. మొదటి నలుగురూ పక్‌ను దారం కట్టినట్టు తిప్పుతుంటే వెనుక కాపలా ఇతనిది. 1997లో లీగు ఉత్తమ డిఫెన్స్ ఆటగాని బహుమతికి జరిగిన ఓటింగులో రెండోవానిగా నిలిచాడు.

ఆరు రోజుల సంబరం

డెట్రాయిట్ వారు స్టాన్లీ కప్ గెలిచి అప్పటికి నలభై రెండేళ్లయింది. చివరిసారి 1955. తాతలు గెలుపు చూశారు, తండ్రులు ఓటములు చూశారు. ఆ ఊరి అభిమానులకు ఒక వింత ఆచారం ఉంది. 1952లో చేపల దుకాణం వారి అన్నదమ్ములిద్దరు ఎనిమిది కాళ్ల సముద్రపు జీవి ఆక్టోపస్‌ను తెచ్చి మంచు మీదికి విసిరారు. ఆ రోజుల్లో కప్పుకు ఎనిమిది మ్యాచ్‌లు గెలవాలి కనుక కాలుకొక గెలుపు అని వారి లెక్క. ఆ యేడు జట్టు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. నాటి నుంచి ఆ విసురుడు ఆగలేదు. పెద్ద మ్యాచ్‌లలో మంచు తుడిచేవారికి ఆక్టోపస్‌లు ఏరడం ఒక పని.

1997 జూన్ 7న ఫిలడెల్ఫియా జట్టును వరుసగా నాలుగో మ్యాచ్‌లో ఓడించడంతో నిరీక్షణ తీరింది. జూన్ 10న ఊరేగింపు. నగరం మధ్యగా పోయే వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జనం కిటకిటలాడారు. లక్షల మంది వచ్చారు.

అదే వుడ్‌వర్డ్ రోడ్డు నగరం దాటి ఉత్తరంగా బర్మింగ్‌హామ్ అనే పట్టణం మీదుగా పోతుంది. ట్రాయ్‌లోని మనవారికి బాగా తెలిసిన రోడ్డే. జూన్ 13, శుక్రవారం. ఆటగాళ్లందరూ గోల్ఫ్ ఆడుకుని, విందు ముగించుకుని తిరిగి వస్తున్నారు. తాగి బండి నడపడం మంచిది కాదని డ్రైవర్లతో సహా పెద్ద కార్లు అద్దెకు మాట్లాడుకున్నారు. ఒక కారులో కాన్‌స్టాంటినోవ్, ఫెటిసోవ్, జట్టుకు ఒళ్లు మర్దన చేసే సెర్గీ మ్నత్సకనోవ్ ఎక్కారు. బర్మింగ్‌హామ్ దగ్గర ఆ కారు దారి తప్పి రోడ్డు మధ్య గట్టు మీది చెట్టుకు గుద్దుకుంది. డ్రైవరు లైసెన్సు అప్పటికే రద్దయి ఉన్నదని విచారణలో తేలింది. లైసెన్సు లేకుండా నడిపినందుకు అతనికి తొమ్మిది నెలల జైలు పడింది. బుద్ధిగా కారు మాట్లాడుకున్నవారికే ఇలా జరగడం ఆ ఊరివారు నేటికీ మరచిపోలేని విషయం. స్టీరింగు ముందు కూర్చున్నవాని కాగితాలు ఎవరు చూడాలి అన్న ప్రశ్న మాత్రం డెట్రాయిట్‌కు మాత్రమే చెందినది కాదు.

ఫెటిసోవ్ ఛాతీ దెబ్బలతో బయటపడ్డాడు. మిగిలిన ఇద్దరికీ తలకు దెబ్బలు తగిలి స్మృతి లేదు.

చెట్టు దగ్గర పూలు

రాయల్ ఓక్ పట్టణంలోని బోమాంట్ ఆస్పత్రి బయట అభిమానులు గుమిగూడారు. చెట్టు మొదట్లో పూలు, కొవ్వొత్తులు, ఎర్ర చొక్కాలు చేరాయి. జనం అడిగే ప్రశ్నలు వారం వారం మారుతూ వచ్చాయి. మొదట బతుకుతాడా అన్నారు. కళ్లు తెరిచాడా అన్నారు. మనుషులను గుర్తుపడుతున్నాడా అన్నారు. కాస్త కోలుకుంటున్నాడని తెలియగానే సహజంగానే అసలు ప్రశ్న వచ్చింది. మళ్లీ ఆడతాడా?

ఆ ప్రశ్న అడిగినవారిని తప్పుపట్టలేం. హాకీ అభిమానులకు గాయాలు కొత్త కాదు. మోకాలు చెడితే ఆరు నెలలకో ఎనిమిది నెలలకో తిరిగి వస్తాడు. పళ్లు రాలితే అదే రాత్రి మళ్లీ దిగుతాడు. 1964లో టొరంటో డిఫెన్స్ ఆటగాడు బాబీ బాన్ ఇదే డెట్రాయిట్ మీద ఫైనల్ పోటీలలో, స్ట్రెచరు మీద మోసుకుపోయిన తరువాత కాలికి కట్టు కట్టించుకుని వచ్చి అదనపు సమయంలో గెలుపు గోల్ కొట్టాడు. ఆ కాలి ఎముక విరిగినట్టు తరువాత తెలిసింది. ఇటువంటి కథలు వింటూ పెరిగిన జనం. పైగా గుద్దించుకోవడం, గుద్దడం వృత్తిగా గల మనిషి. అంతటి గట్టివాడు లేవకపోతాడా అనుకున్నారు.

అయితే ఎముక సంగతి వేరు, మెదడు సంగతి వేరు. ఎముక విరిగితే కట్టు కడితే అతుకుతుంది. వేగంగా పోతున్న బండి ఒక్కసారిగా ఆగినప్పుడు పుర్రె ఆగినా లోపల మెదడు ఆగదు. అటూ ఇటూ ఊగి, గిరికీలు కొట్టి, అందులోని సన్నని నరాల పోగులు సాగి తెగుతాయి. పైకి పుర్రె చెక్కు చెదరకపోయినా ఆజ్ఞలు మోసుకుపోయే దారులు తెగిపోయినట్టే. కాలు బాగానే ఉంటుంది, కాలికి కబురు అందదు. ఆ పోగులు ఎముకలా అతుక్కోవు. మిగిలిన దారులతో మెదడు కొత్తగా పని నేర్చుకోవాలి. చెంచా పట్టుకోవడం, మాట కూర్చుకోవడం, నిలబడడం, అన్నీ మొదటి నుంచి. కాన్‌స్టాంటినోవ్ వారాల తరబడి స్మృతి లేకుండా ఉన్నాడు. ఆ తరువాత మొదలైనది ఈ చదువు.

1997-98 సీజను మొదలైంది. జట్టువారు చొక్కా ఛాతీ మీద ఒక గుడ్డముక్క కుట్టించుకున్నారు. దాని మీద గాయపడిన ఇద్దరి పేర్ల పొడి అక్షరాలు, నమ్మకం ఉంచండి అన్న అర్థం వచ్చే మాట ఇంగ్లీషులోనూ రష్యన్‌లోనూ. స్టేడియంలో జనం అదే మాట అట్టముక్కల మీద రాసి ఎత్తిపట్టుకునేవారు. దుస్తులు మార్చుకునే గదిలో కాన్‌స్టాంటినోవ్ అర ఖాళీ చేయలేదు. అతని సరంజామా అక్కడే వేలాడుతూ ఉండేది.

ఆటలో లోటు తీర్చుకోవడానికి జట్టుకు మనుషులు దొరికారు. ముప్పై ఏడేళ్లు దాటుతున్న లారీ మర్ఫీ ఉన్నాడు. సీజను చివర జేమీ మెకూన్‌ను తెచ్చుకున్నారు. గాయం నుంచి కోలుకున్న ఫెటిసోవ్ నలభయ్యో యేట మళ్లీ బూట్లు బిగించాడు. అన్నిటికీ మించి లిడ్‌స్ట్రామ్ ఉన్నాడు. 1989లో కాన్‌స్టాంటినోవ్‌తో పాటే డెట్రాయిట్ వారు ఎంచుకున్న స్వీడన్ కుర్రవాడు అతను. గుద్దకుండానే, చోటు చూసి కర్ర పెట్టి పక్ లాక్కోగల నేర్పరి. వీరందరితో గోల్ కాపలా సాగింది. కానీ గచ్చు మధ్యలో ఎదుటివాడు తల దించడానికి జంకే రోజులు పోయాయి.

చక్రాల కుర్చీలో

ఫీనిక్స్, సెయింట్ లూయీ, డల్లాస్ జట్లను దాటుకుని డెట్రాయిట్ మళ్లీ ఫైనల్ చేరింది. 1998 జూన్ 16న వాషింగ్టన్‌లో నాలుగో మ్యాచ్. ఆ రాత్రి కాన్‌స్టాంటినోవ్‌ను స్టేడియానికి తీసుకువచ్చారు. అతను గ్యాలరీలో కూర్చున్న సంగతి తెలిసి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వారిలో ఓడిపోతున్న వాషింగ్టన్ అభిమానులూ ఉన్నారు. తమ ఊరికి వచ్చినప్పుడల్లా తాము తిట్టిన మనిషి కోసం లేచినవారు వారు.

4-1 తేడాతో గెలిచాక ఆచారం ప్రకారం కప్పు ముందుగా కెప్టెన్ చేతికి ఇచ్చారు. దానిని ఎత్తి మంచు మీద ఒక చుట్టు తిరగడం, తరువాత తనకు నచ్చినవానికి అందించడం కెప్టెన్ హక్కు. కెప్టెన్ స్టీవ్ ఐజర్‌మన్ దానిని తెచ్చి చక్రాల కుర్చీలో, ఎర్ర చొక్కాలో ఉన్న కాన్‌స్టాంటినోవ్ ఒడిలో పెట్టాడు. ఫెటిసోవ్, లారియోనోవ్ తదితరులు కుర్చీ తోసుకుంటూ మంచు మీద తిప్పారు.

కప్పు మీద పేరు చెక్కాలంటే ఆ సీజనులో నిర్ణీత సంఖ్యలో మ్యాచ్‌లు ఆడి ఉండాలి. అతను ఒక్కటీ ఆడలేదు. అయినా లీగు ప్రత్యేకంగా అనుమతించింది. 1998 విజేతల జాబితాలో అతని పేరు ఉంది.

ఆ కుర్చీ ఫోటో లోకమంతా తిరిగింది. చూసినవారికి కథ అక్కడితో సుఖాంతమైనట్టు అనిపించింది. అతనికి అప్పుడు ముప్పై ఒక్క యేళ్లు. అసలు జీవితం ఇంకా ముందే ఉంది. ఇక మంచు మీద ఆడే మాట లేదని అభిమానులకు మెల్లమెల్లగా అర్థమైంది. 2007 జనవరిలో ఐజర్‌మన్ చొక్కాను స్టేడియం కప్పుకు కట్టిన సభలో కాన్‌స్టాంటినోవ్ నడక చట్రం ఊతంగా, పక్కన మనుషులు పట్టుకోగా నడిచి వచ్చాడు. పది అడుగులైనా అవి అతని అడుగులే. తిరిగి రావడమంటే ఇదే అనుకోవడం అప్పటికి ఆ ఊరు నేర్చుకుంది.

బిల్లుల దగ్గర చిక్కు

అతనికి రాత్రింబవళ్లు మనిషి తోడు ఉండాలి. పడితే లేవలేడు. ఆ తోడుకయ్యే ఖర్చు సామాన్యమైనది కాదు. మిషిగన్ రాష్ట్రంలో 1973 నుంచి ఒక చట్టం ఉండేది. తప్పు ఎవరిదైనా సరే, రోడ్డు ప్రమాదంలో గాయపడిన వానికి వైద్యం, సంరక్షణ ఖర్చు జీవితాంతం బీమాయే భరించాలి. ప్రీమియం భారం ఎక్కువైపోతున్నదని 2019లో ఆ చట్టం మార్చారు. 2021 జూలై నుంచి ఇంటి వద్ద చూసుకునే సంస్థలకు బీమావారు ఇచ్చే రేట్లను పాతవాటిలో 55 శాతానికి కుదించారు. గిట్టుబాటు కాక పలు సంస్థలు మూతపడ్డాయి. వేలాది క్షతగాత్రులకు తోడు మనుషులు కరువయ్యారు. ఎప్పుడో 1997లో దెబ్బ తిన్న కాన్‌స్టాంటినోవ్‌కూ అదే గతి పట్టేలా ఉన్నదని 2022లో పత్రికలు రాశాయి. నర్సుతో ఊనో అనే రంగుల పేకాట ఆడుకుంటూ కూర్చున్న అతని చిత్రం అప్పుడు అచ్చయింది. జుట్టు నెరిసింది.

పాతికేళ్ల కింద చెట్టు దగ్గర పూలు పెట్టినవారిలో చాలామంది తాతలైపోయారు. కాన్‌స్టాంటినోవ్ ఆడగా చూడనివారు కూడా పదహారో నెంబరు చొక్కాలు వేసుకుని వచ్చారు. అభిమానులు చందాలు పోగు చేశారు. చందాలతో ఒక మనిషికి కొన్నాళ్లు గడుస్తుంది. పేరు లేని మిగతా క్షతగాత్రుల సంగతి ఏమిటని అక్కడి వైద్య సిబ్బంది అడిగారు. న్యాయమైన ప్రశ్న. ప్రఖ్యాత ఆటగాడు కావడం వల్లనే ఈ చట్టం సంగతి హాకీ పేజీలకు ఎక్కింది.

2023 జూలై 31న మిషిగన్ సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. చట్టం మారక ముందు, అంటే 2019 జూన్ 11కు ముందు గాయపడినవారికి కోతలు వర్తించవని, వారికి పాత పద్ధతినే సంరక్షణ అందాలని ఆ తీర్పు సారాంశం. కాన్‌స్టాంటినోవ్ ప్రమాదం ఆ తేదీకి ఇరవై రెండేళ్ల ముందుది.

రెడ్ వింగ్స్ 2017లో పాత స్టేడియం వదిలి కొత్త స్టేడియానికి మారారు. గొప్ప ఆటగాళ్ల నెంబర్ల జెండాలు అక్కడ కప్పుకు కట్టి ఉన్నాయి. పదహారో నెంబరుకు అలాంటి జెండా ఎగురవేసే సభ జరపలేదు. జరపాలని అభిమానులు అడుగుతూనే వచ్చారు. జెండా లేకపోయినా, జట్టులో కొత్తగా చేరే కుర్రవాళ్లకు ఆ నెంబరు మాత్రం ఇవ్వడం లేదు.